డైనాకో స్టీరియో 70 ఆంప్లిఫయర్‌లో కెపాసిటర్ల మార్పు

డైనాకో స్టీరియో 70 అనునది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన డైనాకో సంస్థ 1959లో విడుదల చేసిన వాల్వు ఆంప్లిఫయర్. ఛానెల్‌కు 35 వాట్ల శక్తినిచ్చే ఈ పరికరాన్ని విడిభాగాలుగా కొని ఇంట్లోనే బిగించుకొనే వీలుండడం వలన ఇది బహుళ ప్రచారం పొందినది. అర్ధ శతాబ్దం దాటిన ఇటువంటి ఆంప్లిఫయర్లలో ముందుగా మార్చవలసినవి విద్యుత్ సరఫరా విభాగంలోని కెపాసిటర్లు. అయితే ఎంత పెద్దవి అమర్చితే అంత మేలు అనే సూత్రం ఇక్కడ చెల్లదు.

కెపాసిటర్ల పని

ట్రాన్స్‌ఫార్మర్ నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తును జీజెడ్34 అనే రెక్టిఫయర్ వాల్వు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. అది ఇంకా అలలు అలలుగానే ఉంటుంది. వాన నీటిని పట్టి ఉంచి పొలానికి నిలకడగా అందించే చెరువు వలె, కెపాసిటర్ ఆ ఎత్తుపల్లాలను పూడుస్తుంది. ఈ ఆంప్లిఫయర్‌లో 30, 20, 20, 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు నాలుగు ఒకే అల్యూమినియం డబ్బాలో ఉంటాయి. కాలక్రమంలో లోపలి విద్యుద్విశ్లేష్యం ఎండిపోయి కెపాసిటెన్స్ తగ్గుతుంది. అప్పుడు స్పీకరులో హమ్ వినిపిస్తుంది. దాని పౌనఃపున్యం అమెరికాలో 120 హెర్ట్‌జ్, సరఫరా 50 హెర్ట్‌జ్ గల మన దేశంలో 100 హెర్ట్‌జ్. కెపాసిటర్ పూర్తిగా షార్టయితే రెక్టిఫయర్‌తో పాటు, అన్నిటికన్నా ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు.

ఎంతవరకు పెంచవచ్చు?

నాలుగు ఈఎల్34 వాల్వులు కలిసి సుమారు 200 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. స్థూలమైన లెక్కలో 120 హెర్ట్‌జ్ వద్ద 30 మైక్రోఫారడ్ల మొదటి కెపాసిటర్‌పై అల ఎత్తు 55 వోల్టుల దాకా ఉంటుంది; 50 మైక్రోఫారడ్లైతే 33కు తగ్గుతుంది. ఇది చూసి 200 అమర్చాలని ఉబలాటపడరాదు. అల శిఖరం వద్ద కొద్ది క్షణమే కెపాసిటర్ నిండుతుంది కనుక, అది పెద్దదైన కొలదీ ఆ క్షణంలో ప్రవహించే విద్యుత్తు తీవ్రమవుతుంది. దానిని కాథోడ్ పూత తట్టుకోలేదు. అందుకే తయారీదారులు జీజెడ్34కు 60 మైక్రోఫారడ్ల గరిష్ఠ పరిమితి విధించారు. చోకు తీగచుట్ట దాటిన తరువాతి కెపాసిటర్‌కు ఇంత కట్టుబాటు లేదు. 80, 40, 30, 20 విలువలతో దొరికే కొత్త డబ్బాలలో 80 భాగాన్ని మాత్రం రెక్టిఫయర్ పక్కన కలపరాదు.

నాదం మరింత మధురమవుతుందనేది వినేవారి చెవిని బట్టి ఉంటుంది; హమ్ తగ్గడం మాత్రం మీటరుకు అందే విషయం.

వోల్టేజి

ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఇరువైపులా 360 వోల్టులు. దాని శిఖరం 509. జీజెడ్34 నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక ఈఎల్34లు అప్పటికే విద్యుత్తును తీసుకొనే స్థితికి వస్తాయి, వోల్టేజి అంత ఎత్తుకు చేరదు. దాని స్థానంలో సిలికాన్ డయోడ్లు పెడితే స్విచ్ వేసిన వెంటనే పూర్తి వోల్టేజి పడుతుంది. పైగా 117 వోల్టులకు రూపొందిన ట్రాన్స్‌ఫార్మర్‌కు నేడు 120 అందితే శిఖరం 522కు చేరుతుంది. మొదటి డబ్బాకు 525 వోల్టుల సామర్థ్యం ఉంది. చౌకగా దొరికే 450 వోల్టుల రకం ఇక్కడ పనికిరాదు.

జాగ్రత్తలు

ప్లగ్గు తీసివేసినా ఈ నాలుగు కెపాసిటర్లలో సుమారు 7 జౌళ్ళ శక్తి ప్రాణాపాయం కలిగించే వోల్టేజి వద్ద నిలిచి ఉండవచ్చు. కొన్ని కిలో ఓముల నిరోధకం ద్వారా ఒక్కొక్క దానిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూసిన పిమ్మటనే చేయి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే పాత అలవాటు మంచిది కాదు. కొత్తవాటిని బిగించేటప్పుడు ధన, రుణ ధ్రువాలు తారుమారైతే కెపాసిటర్ పేలగలదు.