గది చల్లబడటం లేదా? ముందు ఏసీ జాలి తీసి చూడండి

"ఏసీ నడుస్తనే ఉంది గానీ సల్లగ వస్తలేదన్నా. గ్యాస్ అయిపోయినట్టుంది."

ఎండాకాలం మొదలైతే గల్ఫ్ క్యాంపుల్లో తరచుగా వినిపించే మాట ఇది. కానీ ఏసీలో గ్యాస్ వంట సిలిండర్‌లోలాగా వాడితే అయిపోయేది కాదు. ఎక్కడైనా లీకైతేనే తగ్గుతుంది. చాలాసార్లు అసలు కారణం దుమ్ము పట్టిన ఫిల్టర్. మెకానిక్‌ను పిలిచి డబ్బులు పెట్టేముందు పది నిమిషాలు కేటాయించి దాన్ని చూడండి.

ఫిల్టర్ ఏం చేస్తుంది?

విండో ఏసీ గానీ స్ప్లిట్ ఏసీ గానీ బయటి గాలిని లోపలికి తెచ్చి చల్లబరచదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, లోపలి కాయిల్ మీదుగా పంపి, మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ దారిలో ఉండే సన్నటి నైలాన్ జాలే ఫిల్టర్. దుమ్ము, వెంట్రుకలు, దుప్పట్ల నూగు దాని దగ్గరే ఆగిపోతాయి. జాలి మూసుకుపోతే గాలి ఆడదు. కాయిల్ మీద మంచు గడ్డ కడుతుంది, అది కరిగి గదిలోకి నీళ్లు కారుతాయి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. మురికి ఫిల్టర్ తీసి శుభ్రమైనది పెడితే ఏసీ వాడే కరెంటు 5 నుంచి 15 శాతం తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. బెడ్ స్పేస్ తీసుకుని కరెంటు బిల్లు పంచుకునేవాళ్లకు ఇది నేరుగా జేబుకు సంబంధించిన విషయం.

ఎలా కడగాలి?

ముందు ఏసీకి వచ్చే కరెంటు పూర్తిగా ఆపండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. మంచం పైఅంతస్తు ఎక్కి వంగి తీయొద్దు, గట్టి స్టూల్ వేసుకుని ఒకరిని పట్టుకోమనండి. ముందు మూత తెరిస్తే జాలి చేతికి వస్తుంది. పొడి దుమ్మును గది బయట దులపండి. తర్వాత జాలి వెనక వైపు నుంచి నీళ్లు పట్టండి. ముందు నుంచి పడితే దుమ్ము కన్నాల్లోకి ఇంకా దిగుతుంది. జిడ్డు ఉంటే కొంచెం సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకర పోతుంది. నీడలో పూర్తిగా ఆరనిచ్చాకే మళ్లీ పెట్టాలి, తడిగా పెడితే బూజు పడుతుంది.

గది నిండా మనుషులున్నప్పుడు ఎండాకాలంలో 15 రోజులకోసారి కడగడం మంచిది. ఇసుక తుఫాను వచ్చిన మర్నాడు తప్పకుండా చూడాలి. వంటకు వంతులు వేసుకున్నట్టే దీనికీ వంతు వేసుకుంటే గొడవ ఉండదు. జాలి ఆరేదాకా కూడా అది లేకుండా ఏసీ నడపొద్దు. దుమ్ము పోయి కాయిల్‌కు పడితే దాన్ని కడగడం మెకానిక్ పనే.

ఏ ఫిల్టర్ మంచిది?

జాలి చిరిగితే ఏసీ మోడల్ నంబర్ ఫోటో తీసుకెళ్లి స్పేర్ పార్ట్స్ షాపులో అదే సైజుది అడగండి. దుమ్ము బాగా ఆగుతుందని కొందరు జాలి మీద లుంగీ ముక్కో, కర్చీఫో కడతారు. అలా చేయొద్దు, గాలి ఆడక అదే మంచు సమస్య వస్తుంది.

డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా విల్లాల్లో ఉండేవారికి డక్ట్ ఉన్న సెంట్రల్ ఏసీలు కనిపిస్తాయి. వాటి ఫిల్టర్ల మీద 'మెర్వ్' అనే నంబర్ ఉంటుంది. నంబర్ పెరిగేకొద్దీ ఇంకా సన్నటి దుమ్మును పడుతుంది. మెర్వ్ 8 మామూలు దుమ్ముకు సరిపోతుంది, మెర్వ్ 13 పొగలో ఉండే సన్నటి కణాలను కూడా చాలావరకు ఆపుతుంది. అయితే నంబర్ పెరిగితే సాధారణంగా గాలికి అడ్డు కూడా పెరుగుతుంది కాబట్టి ఆ మిషన్ తట్టుకుంటుందో లేదో మెకానిక్‌ను అడిగాకే మార్చాలి. అట్ట ఫ్రేమ్ ఉన్నవి కడగడానికి పనికిరావు, కొత్తవి వేయాల్సిందే. ఫ్రేమ్ మీది బాణం గుర్తు గాలి పోయే వైపు, అంటే ఫ్యాన్ ఉన్న వైపు ఉండాలి.

ఆస్తమా ఉన్నవాళ్లకు మామూలు జాలి చాలదు. సన్నటి దుమ్ము అందులోంచి దూరిపోతుంది. వీలైతే హెపా ఫిల్టర్ ఉన్న చిన్న ఎయిర్ ప్యూరిఫయర్ మంచం దగ్గర పెట్టుకోవాలి.

ఫిల్టర్ ఆపలేనిది

ఇది ప్రాణాల మీది మాట. చలికాలంలో వెచ్చదనం కోసం మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. ఏసీ జాలి గానీ, హెపా గానీ, ముక్కుకు కట్టుకున్న మాస్కు గానీ ఆ విషవాయువును ఆపలేవు. బొగ్గులు గదిలోకి తేనే వద్దు. అలాగే ఏసీ కొత్త గాలి తేదు కాబట్టి, గదిలో ఎవరికైనా దగ్గు, జలుబు ఉంటే పొద్దున, రాత్రి కాసేపు కిటికీలు తెరవండి.

కంపెనీ బాధ్యత ఎంత?

జాలి కడగడం మన చేతిలో పని. కాయిల్ కడగడం, లీకులు, గ్యాస్, బయటి యూనిట్ రిపేరు మనవి కావు. గోడకు వేలాడే బయటి యూనిట్ జోలికి అసలే పోవద్దు. కంపెనీ ఇచ్చిన వసతి అయితే ఫోటోలు, తేదీతో క్యాంప్ బాస్‌కు వాట్సాప్‌లో పెట్టండి. నోటిమాటకు రుజువు ఉండదు. యూఏఈలో కార్మికుల పడకగదులకు ఏసీ, గాలి, వెలుతురు ఉండాలని 2009 నాటి వసతి ప్రమాణాలే చెబుతున్నాయి. పట్టించుకోకపోతే అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. సలహా కావాలంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342 నంబర్‌కు ఫోన్ చేయండి. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు భారత ఎంబసీలోని కార్మిక విభాగాన్ని అడగండి.

ఈ సెలవు రోజున మీ గది ఏసీ మూత ఒకసారి తెరవండి. జాలికి అడ్డంగా పెట్టి చూస్తే అవతలి వెలుతురు కనిపించకపోతే, కడగాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయిందన్నట్టే.