సౌండ్ మీటర్ కొనేముందు: తార్నాక చెప్పే అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లోని తార్నాకకు ఒకపక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంకోపక్క ఉప్పల్ రోడ్డు వెంబడి పరిశోధనా సంస్థలు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. నడుమ ఫ్లైఓవర్, మెట్రో, బస్సులు. చదువుకు నిశ్శబ్దం కావలసిన చోటే రద్దీ ఎక్కువ. అందుకే హాస్టల్ విద్యార్థులైనా, కాలనీ సంఘమైనా ‘మనమే ఒక మీటర్ కొని కొలుద్దాం’ అనుకుంటే అది మంచి ఆలోచనే. అయితే దేన్ని తేల్చాలో నిర్ణయించుకున్నాకే మీటర్ కొనాలి.

అపోహ: తార్నాకలో శబ్దాన్ని కొలిచే ప్రభుత్వ కేంద్రం ఉంది కదా, ఆ అంకె మన వీధికీ వర్తిస్తుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు నగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే నెట్‌వర్క్ మొదలుపెట్టింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. నగరంలోని కేంద్రాల్లో తార్నాకది నివాస ప్రాంతం కింద ఉంది. కానీ అక్కడి అంకె ఆ మైకు ఉన్న చోటిదే. రోడ్డు నుంచి దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. జనరేటర్‌లా ఒకేచోట ఉన్నదాని నుంచైతే 6 తగ్గుతుంది. మధ్యలో గోడ ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. మీ కిటికీ సంగతి మీ కిటికీ దగ్గరే కొలవాలి.

అపోహ: తెరమీద కనిపించిన పెద్ద అంకెను ఫొటో తీస్తే రుజువైనట్టే.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఇవన్నీ ఎల్‌ఈక్యూ విలువలు, అంటే ఆ వ్యవధి మొత్తంలో వచ్చిన శబ్దశక్తికి సగటు. ఒక్క క్షణం మోగిన హారన్‌ను వీటితో పోల్చకూడదు.

ఈ సగటు మామూలు కూడికా భాగహారమూ కాదు. ఒక గంటలో 59 నిమిషాలు 55 డెసిబెల్స్, ఒక్క నిమిషం 90 డెసిబెల్స్ ఉందనుకోండి. బడిలో నేర్చిన సగటు 55.6 వస్తుంది. ఎల్‌ఈక్యూ మాత్రం 72 దాటుతుంది. ఆ ఒక్క నిమిషమే గంటనంతా మింగేసింది. క్షణానికో అంకె చూపే మీటరుతో నోట్‌బుక్‌లో రాసుకుని సగటు తీస్తే నిజంగా ఉన్న బాధ కాగితం మీద కనబడకుండా పోతుంది. కనుక ఎల్‌ఈక్యూ లెక్కించి, నిమిషం నిమిషం దాచిపెట్టే ‘ఇంటిగ్రేటింగ్’ మీటరే కొనండి. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

అపోహ: క్లాస్ 1 కాకపోతే దండగ.

ఐఈసీ 61672 ప్రమాణం మీటర్లను రెండు తరగతులుగా విడదీస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర అనుమతించిన తేడా క్లాస్ 1కు 0.7, క్లాస్ 2కు 1 డెసిబెల్ మాత్రమే. 8000 హెర్ట్జ్ దగ్గరికి వెళ్తే క్లాస్ 2కు అటూఇటూ 5 దాకా వదులు ఉంటుంది. ఉప్పల్, మౌలాలీ వైపు వర్క్‌షాపుల్లో మామూలు మోటార్ల శబ్దానికి క్లాస్ 2 చాలు. కంప్రెస్డ్ ఎయిర్ బుస్సుమంటూ హెచ్చు పౌనఃపున్య శబ్దం చేసే చోటా, వివాదం ముదిరే పర్యావరణ కొలతలకూ క్లాస్ 1 మేలు. రెండు తరగతుల్లో ఏదీ కాని చవక మీటర్లున్నాయే, వాటితోనే నాకు పేచీ.

ఫోన్ యాప్ సంగతీ ఇలాంటిదే. అది ఎక్కడ సమస్య ఉందో సూచిస్తుంది, అంతవరకు మంచిదే. ఫోన్ మైకును మాట కోసం తయారుచేస్తారు కాబట్టి భారీ శబ్దం దగ్గర అది తడబడుతుంది. పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటితే ఫిర్యాదు చేయవచ్చని నియమాలు అంటున్నాయి. పరికరమే ఐదారు తప్పితే ఆ వాదన ఎలా నిలబడుతుంది?

అపోహ: కిటికీ అద్దాలు అదురుతున్నా మీటర్ తక్కువే చూపిస్తోందంటే అది పాడైంది.

పాడవలేదు. చట్టం వాడే ‘ఏ’ వడపోత చెవి తీరును అనుకరిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ కోసేస్తుంది. డీజే పెట్టెల దరువు, జనరేటర్ గుంయ్‌మనే మోత ఉండేది ఆ చుట్టుపక్కలే. ‘సీ’ వడపోత అక్కడ ఒక్క డెసిబెల్ కూడా కోయదు. రెండు అంకెల మధ్య తేడా పెద్దదైతే మంద్రమైన శబ్దం దండిగా ఉన్నట్టు. చట్టం ముందు పెట్టేది ‘ఏ’ అంకెనే అయినా, కారణం పట్టుకోవడానికి ‘సీ’ కూడా ఉన్న మీటర్ కొనాలి. వినాయక నిమజ్జనం నాళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

అపోహ: షాప్‌ఫ్లోర్ మధ్యలో ఒకసారి కొలిస్తే కార్మికుడి లెక్క తేలిపోతుంది.

ఒకేచోట కూర్చుని పనిచేసేవాళ్లకు తేలవచ్చు. రోజంతా యంత్రం నుంచి యంత్రానికి తిరిగే మనిషికి భుజాన, చెవి దగ్గర తగిలించే డోసిమీటర్ కావాలి. దాన్ని ఎలా సెట్ చేశారన్నది కీలకమైన విషయం. మన ఫ్యాక్టరీ మోడల్ రూల్స్‌లో 8 గంటలకు 90 డెసిబెల్స్ పరిమితి. 5 పెరిగితే సమయం సగమవుతుంది. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర 2 గంటలు ఉండొచ్చు. అమెరికాలో వృత్తి ఆరోగ్యంపై పరిశోధించే నియోష్ సంస్థ సిఫారసు 85తో మొదలై, 3 పెరిగితే సమయాన్ని సగం చేస్తుంది. దాని లెక్కలో అదే 100 దగ్గర 15 నిమిషాలే. చట్టానికి మొదటిది చూపండి. కార్మికుడి చెవులను కాపాడటానికి రెండోదాన్ని పాటించాలని నా గట్టి అభిప్రాయం. రెండు సెట్టింగులూ ఒకేసారి నమోదు చేసే డోసిమీటర్లు దొరుకుతాయి.

అపోహ: విశ్వవిద్యాలయం అనగానే నిశ్శబ్ద మండలం.

విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్లు అన్న మాట నియమాల్లో ఉంది. అయితే 2017 సవరణ తర్వాత ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అలా లెక్క. మీ కొలతను 50తో పోల్చాలా, 55తోనా అన్నది ముందే కనుక్కోండి.

అపోహ: కొన్నప్పటి సర్టిఫికెట్ చాలు.

ల్యాబ్‌లో చేయించే కాలిబ్రేషన్ వేరు, రోజువారీ సరిచూసుకోవడం వేరు. చిన్న కాలిబ్రేటర్‌ను మైకుకు తొడిగితే 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ ఇస్తుంది. కొలతకు ముందూ తర్వాతా ఇలా చూసి, రెండు అంకెలూ రాసి పెట్టాలి. రెండోసారి చెప్పుకోదగ్గ తేడా వస్తే ఆ రోజు కొలతలు పక్కన పెట్టాలి. కాలిబ్రేటర్ డబ్బు మిగుల్చుకుని మీటరుకే అంతా పెట్టేవాళ్లను ఆపి చెప్పాలనిపిస్తుంది. మైకుకు గాలి ఆపే స్పాంజి తొడగాలి. స్టాండు మీద నేల నుంచి 1.2 – 1.5 మీటర్ల ఎత్తున, వీలైతే గోడలకు 3.5 మీటర్ల దూరంలో నిలపాలి. గోడ దగ్గరైతే ప్రతిధ్వని వల్ల 3 డెసిబెల్స్ దాకా అదనంగా చేరవచ్చు. చోటు, సమయం, గాలి, ఎదురుగా ఏం నడుస్తోందన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి.