నల్లపులి జాతకంలో ఒక్క అక్షరం

ముఖచిత్రం ముందే ఖాయమైంది: ఒడిశాలోని సిమిలిపాల్ నల్లపులి. కథనం గురువారం రాత్రికల్లా చేతికందాలన్నారు సంపాదకులు. అడవి అందం, పులి రాజసం, కాస్త సాహసం కలిపితే పేజీలు వాటంతటవే నిండేవి. కానీ వెతుకులాటలో దొరికిన ఒక పరిశోధన పత్రం, ఆ బొమ్మ మీది మోజును సగానికి సగం దించేసింది.

అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రిక పీఎన్ఏఎస్‌లో 2021 సెప్టెంబరులో వచ్చిందది. బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ఉమా రామకృష్ణన్ ప్రయోగశాల చేసిన పని. మొదటి రచయిత వినయ్ సాగర్. అందులో రెండు అంకెల దగ్గర కన్ను ఆగిపోతుంది. ఒకటి 12, రెండోది 395.

పరీక్షకు అందిన సిమిలిపాల్ పులులు 12. మిగతా చోట్లవి 395. ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిందా లేదా అన్నదే చూశారు. ఆ 395లో ఒక్కదానికీ మార్పు లేదు. సిమిలిపాల్‌వి మాత్రం పన్నెండింట పదికి ఉంది! తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి పులికీ ఆ జన్యువు ప్రతులు రెండుంటాయి. అంటే 12 పులులకు 24 ప్రతులు. లెక్క కడితే వాటిలో 14 మారినవే.

జన్యువు పేరు టాక్‌పెప్. డీఎన్ఏలో ‘సి’ ఉండాల్సిన చోట ‘టి’ పడింది. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 454వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు టైరోసిన్ వచ్చి కూర్చుంది. అంతమాత్రానికే పులి ఒంటి మీది చారలు వెడల్పై, ఆరని ముగ్గును చీర కుచ్చిళ్లు రాసుకుపోయినట్టు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. సందుల్లో నారింజ రంగు అలాగే ఉంటుంది. ఒళ్లంతా నల్లబడిన పులి కాదిది, చారలు మితిమీరిన పులి.

ఈ జన్యువు శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. కొన్ని ఇంటి పిల్లుల ఒంటి మీద చారలు చెదిరి పెద్ద మచ్చల్లా మారడానికీ, ఆఫ్రికాలోని ‘కింగ్ చీతా’ వీపు మీద లావుపాటి పట్టీలు రావడానికీ ఇదే కారణమని 2012లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించింది. పులి విషయంలో ఆధారం జూలలో పెరిగిన కుటుంబాల దగ్గర దొరికింది. ఏ జంటకు ఏ రంగు కూనలు పుట్టాయో వంశవృక్షం గీసి, జన్యుక్రమాలతో పోల్చి చూశారు. మారిన ప్రతులు రెండూ ఉన్న కూనే నల్లగా పుడుతోంది. ఒక్కటే ఉంటే పైకి మామూలు పులే, లోపల మాత్రం మార్పును మోస్తూ తిరుగుతుంది.

మరి ఇంత అరుదైన మార్పు ఒక్క అడవిలోనే ఎందుకు పేరుకుంది? నల్లటి ఒళ్లు చీకటి అడవిలో వేటకు పనికొస్తుందనే మాట వినడానికి బాగుంటుంది. పత్రం చెప్పే జవాబు ఇంతకంటే చప్పగా, ఇంతకంటే కలవరపెట్టేలా ఉంది. ఏనాడో కొద్దిపాటి పులులతో మొదలైన మంద అది. బయటి నుంచి కొత్త రక్తం రాలేదు. చుట్టాల మధ్యే సంతానం. అంత చిన్న మందలో ఏ జన్యువు మిగులుతుందో, ఏది పోతుందో చాలావరకు అదృష్టం మీదే ఆధారపడుతుంది. కంప్యూటర్ నమూనాల్లోనూ ఈ వివరణ సరిపోయింది. ముచ్చటపడి మనం ఫొటో తీసుకునే నలుపు, ఆ పులులు ఎంత ఒంటరివయ్యాయో చెప్పే రిపోర్టు.

చరిత్ర క్లుప్తంగా: సిమిలిపాల్ ఒకప్పుడు మయూర్‌భంజ్ రాజుల వేటభూమి. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొమ్మిది అభయారణ్యాల్లో ఒకటి. 1993లో ఇక్కడ బాణం దెబ్బకు చనిపోయిన ఆడపులితో నల్లపులి వదంతి కాదని తేలింది. 2007లో కెమెరాకు చిక్కింది. 2024లో వెల్లడైన ఒడిశా గణనలో సిమిలిపాల్ పులులు 27, అందులో నల్లవి 13.

అదే ఏడాది జనవరిలో బారిపద దగ్గర నల్లపులుల సఫారీ పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పర్యాటకులు వస్తారు, సందేహం లేదు. టికెట్టు వెనక ఆ 12, 395 అంకెలు అచ్చువేస్తారా అన్నదే అనుమానం.

అటవీశాఖ చేసిన రెండో పని మాత్రం సరిగ్గా ఆ అంకెలకు జవాబు. 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని సిమిలిపాల్‌కు తెచ్చారు, కొత్త రక్తం కోసమే. జీనత్‌కు ఆ అడవి నచ్చినట్టు లేదు. జార్ఖండ్ దాటి, పశ్చిమ బెంగాల్‌లో పురూలియా మీదుగా బాంకురా దాకా నడిచింది. డిసెంబరు 29న మత్తు సూది వేసి పట్టుకుని వెనక్కి తేవాల్సి వచ్చింది.

ఈ రెండింటికీ అక్కడి మగపులులతో సంతానం కలిగితే తొలి తరంలో నల్లకూన పుట్టదు. తండ్రి ఎంత నల్లటిదైనా తల్లి ఇచ్చే ప్రతి మామూలుదే కదా! అడవి కోలుకునే కొద్దీ ముఖచిత్రానికి ఎక్కే పులులు తగ్గుతాయి. ఒకే శాఖ చేతిలో ఉన్న ఈ రెండు పథకాల్లో దేన్ని ముందు పెట్టుకుంటారో చూడాలి.

మలమే సాక్ష్యం

అడవి పులి రక్తం తీయాలంటే మత్తివ్వాలి. అందుకే పరిశోధకులు పులి మలం, రాలిన వెంట్రుకలు ఏరుకొస్తారు. పేగు గోడల నుంచి ఊడిన కణాలు మలం పైపొరకు అంటుకుని ఉంటాయి. ఎండకూ వానకూ డీఎన్ఏ ముక్కలైపోతుంది. తిన్న దుప్పిదీ, బ్యాక్టీరియాదీ కలిసే ఉంటుంది. అందుకని జన్యుక్రమం మొత్తం కాకుండా ఎంచుకున్న చిన్న చిన్న చోట్లే చదువుతారు. సిమిలిపాల్ పులుల వైవిధ్యాన్ని కొలవడానికి చూసిన చోట్లు 81.

హైదరాబాద్ వాటా

నల్లపులి పత్రం సహరచయితల్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన పి. అనురాధారెడ్డి ఒకరు. అంతరించిపోతున్న జంతువుల కోసం సీసీఎంబీ నడిపే లాకోన్స్ ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది.

పీహెచ్‌డీ అయ్యాక

ఇలాంటి జన్యు పరిశోధనలో పీహెచ్‌డీ పట్టా రాగానే సాధారణంగా శాశ్వత ఉద్యోగం రాదు. కొన్నేళ్లపాటు మరో ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా కాంట్రాక్టు మీద పనిచేయడం ఆనవాయితీ. ఉమా రామకృష్ణన్ కూడా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో పీహెచ్‌డీ, స్టాన్‌ఫర్డ్‌లో పోస్ట్‌డాక్ చేశాకే బెంగళూరులో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు.