పాలరాతి గోడల నడుమ నర్మద

నదులు కొండలను చీల్చుకొని ప్రవహించుట ఈ దేశంలో అపురూపమైన సంగతి కాదు. పాపికొండల నడుమ గోదావరిని చూచినవారికి, శ్రీశైలం దిగువ లోయలో కృష్ణను చూచినవారికి ఆ దృశ్యం పరిచితమే. అయితే ఆ కొండలు నల్లనివి, లేదా చెట్లతో పచ్చనివి. జబల్పూరుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, భేడాఘాట్ అనే చిన్న ఊరి వద్ద నర్మద చీల్చుకొని పోయినవి తెల్లని కొండలు. ఇరువైపులా పాలరాతి గోడలు, నడుమ పచ్చని నీరు, పైన సన్నని నీలాకాశపు పట్టీ. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున ఈ మూడు రంగులు తప్ప కంటికి మరొకటి ఆనని చోటు అది.

తెలుగు యాత్రికునికి నర్మద అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఓంకారేశ్వరం. తరువాత నది జన్మస్థానమైన అమరకంటకం. భేడాఘాట్ ఆ రెండింటికీ నడుమ, అమరకంటకానికి దిగువన, దారిలో తగిలే మజిలీ మాత్రమే. 2024 మే మాసంలో నర్మదా పుష్కరాలకు తరలివెళ్లిన తెలుగువారిలో అనేకులు జబల్పూరులో దిగినారు, గ్వారీఘాట్‌లో మునిగినారు, భేడాఘాట్‌కు ఒక పూట కేటాయించి, జలపాతం చూచి, పడవ ఎక్కి, నాలుగు బొమ్మలు కొనుక్కొని మరలినారు. యాత్రకు వెళ్లినవారికి తొందర సహజమే. కాని ఈ ఒక్క చోట ఆ తొందర వల్ల పోగొట్టుకొనేది కొంచెం ఎక్కువ. ఎందుకో చివరకు తేలుతుంది.

జబల్పూరు నుండి వచ్చే దారిలోనే తేవర్ అనే గ్రామం తగులుతుంది. చూచుటకు సామాన్యమైన పల్లె. ఒకనాడు అది కలచురి రాజుల రాజధాని త్రిపురి. ఆ పేరు తెలుగువారికి మరొక విధంగా కూడ తెలిసినదే. 1939 మార్చిలో ఈ ప్రాంతంలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆ పాత నగరం పేరే పెట్టినారు. ఆ సభాధ్యక్ష స్థానానికి జరిగిన ఎన్నికలోనే భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1377 ఓట్లు పొంది, 1580 ఓట్లు వచ్చిన సుభాష్ చంద్ర బోసు చేతిలో ఓడిపోయినారు. గెలిచిన బోసు తీవ్రమైన జ్వరంతో సభకు వచ్చి, రెండు నెలలు తిరుగకముందే పదవిని వదలుకొన్నారు. ఓడిన పట్టాభి గారు 1952లో మధ్యప్రదేశ్ గవర్నరై, ఈ నర్మదాతీరం కూడ ఉన్న రాష్ట్రాన్ని అయిదేండ్లు ఏలినారు. చరిత్రకు ఇట్టి వినోదములు కొన్ని ఉంటాయి.

భేడాఘాట్‌లో ముందు వినవచ్చేది ధువాంధార్ జలపాతం. చూచుటకు ముందే వినవలసిన జలపాతమది. ‘ధువా’ అనగా పొగ. అంతవరకు విశాలమైన బండలపై పరచుకొని వచ్చిన నర్మద, అక్కడ ఒక్కసారిగా ఇరుకైన గండిలోనికి దూకుతుంది. దూకిన నీరు తుంపరలై లేచి పొగవలె కమ్ముకొంటుంది. ఎండ పడిన వేళ ఆ పొగలో ఇంద్రధనుస్సు విరుస్తుంది. కటకటాలు పట్టుకొని నిలుచున్నవారి బట్టలు రెండు నిమిషాలలో తడిసిపోతాయి. దీనికన్న ఎత్తయిన జలపాతాలు దేశంలో ఎన్నో ఉన్నవి. కాని ఇంత పెద్ద నది, ఇంత ఇరుకులోనికి, ఇంత తెల్లని రాతి మీదుగా దూకే చోటు మరొకటి చూపుట కష్టం.

ఆ కటకటాల వద్దనే మరొక దృశ్యం కూడ కంటబడుతుంది. పది పన్నెండేండ్ల పిల్లలు రాతి అంచులపై నిలుచుండి, నాణెం విసరమని యాత్రికులను అడుగుతారు. విసిరితే అంత ఎత్తు నుండి సుడులలోనికి దూకి, నాణెం పట్టి, పైకి తేలుతారు. చూచేవారు చప్పట్లు కొడతారు. ఈ ముచ్చటను మెచ్చుకొన్న రచనలు కూడ లేకపోలేదు. పది రూపాయలకు ఒక పిల్లవాని ప్రాణాన్ని పందెం కట్టించుటలో మెచ్చదగినది ఏమున్నదో, నాణెం విసిరే చేతులే చెప్పవలసి ఉన్నది.

వానకాలంలో వచ్చినవారికి ఈ జలపాతం కనిపించకపోవచ్చును. ఎగువన బర్గీ వద్ద నర్మదకు ఆనకట్ట ఉన్నది. 1970లలో పని ప్రారంభమై 1990 నాటికి పూర్తయినది. నర్మదపై తలపెట్టిన పెద్ద ఆనకట్టలలో మొదట పూర్తయినవాటిలో అది ఒకటి. దాని జలాశయం కింద 162 గ్రామాలు ముంపునకు లోనయినవి. నిర్వాసితులైనవారిలో గోండులు ఎక్కువ. ఆనకట్ట తలుపులు ఎత్తిన దినాలలో దిగువ గండి నిండి, నీటిమట్టం జలపాతం అంచుతో సమమై, ధువాంధార్ ఆనవాలు లేకుండ పోతుంది. పొగ ఉండదు, ధార ఉండదు; పరుగెత్తే బురదనీరు మాత్రం ఉంటుంది. నిండు నది తన జలపాతాన్ని తానే మ్రింగుట ఆనకట్టకు ముందు కూడ ఉన్నదే. ఇప్పుడు మాత్రం నది ఎప్పుడు పొంగవలెనో, ఎప్పుడు తగ్గవలెనో నిర్ణయించుటలో మేఘానికి తోడు మనిషి చేయి కూడ ఉన్నది.

జలపాతానికి దిగువన పంచవటీ ఘాట్. పడవలు ఎక్కేది అక్కడే. ఎగువన అంతగా గర్జించిన నదియేనా ఇది అనిపించేటంత నిశ్చలంగా ఉంటుంది నీరు. తెడ్లు వేసే చప్పుడు తప్ప మరొకటి వినిపించదు. అనగా, పడవవాడు నోరు విప్పనంతవరకు. భేడాఘాట్ పడవవాండ్ల వాక్చాతుర్యం ప్రసిద్ధమైనది. ప్రతి బండకు ఒక పేరు, ప్రతి మలుపునకు ఒక ప్రాసవాక్యం. ఇది ఏనుగు పాదం, అది గుర్రపు డెక్క, అల్లది శివలింగం. ఏ సినిమా పాట ఎక్కడ తీసినారో, ఏ నాయిక ఏ బండపై కూర్చున్నదో కూడ చెబుతాడు. 1960లో వచ్చిన ‘జిస్ దేశ్ మే గంగా బహతీ హై’ చిత్రం పేరులో గంగ ఉన్నా, అందులోని ఒక పాటకు నిలిచిన నేపథ్యం నర్మదయే. నీటి లోతు ఎంత అని అడిగితే అతడు చెప్పే అంకెను నమ్మనవసరం లేదు. చెప్పే తీరును విని ఆనందించవచ్చును.

పడవ ముందుకు సాగినకొద్దీ గోడలు దగ్గరవుతాయి. కొన్నిచోట్ల అవి ముప్పై మీటర్ల వరకు లేచి ఉంటాయి. ఒక మలుపు వద్ద రెండు ఒడ్లు ఎంత చేరువకు వస్తాయంటే, పూర్వం కోతులు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు దూకేవని చెప్పి దానిని ‘బందర్ కూదనీ’ అని పిలుస్తారు. యుగయుగాలుగా నీరు కోసి కోసి గండిని వెడల్పు చేసినది గనుక ఇప్పుడు కోతులకు సాధ్యం కాదట.

పాలరాయి అనగానే తాజమహలు తెలుపు కన్నులకు కట్టవచ్చును. ఇక్కడి తెలుపు అది కాదు. నీటి అంచున బూడిద, పైన దంతపు వన్నె, కొన్నిచోట్ల లేత గులాబి, కొన్నిచోట్ల పసుపు, మధ్య మధ్య నల్లగానో ముదురాకుపచ్చగానో అడ్డుచారలు. ఆ నల్లని చారలు, పాలరాయి పగుళ్లలోనికి భూగర్భం నుండి ఎగదన్నిన అగ్నిశిలలు. మధ్యాహ్నపు ఎండలో ఈ గోడలు కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, రంగు తెలియదు. ఉదయం, సాయంకాలం చూడవలెను. పున్నమి రాత్రి చూడవలెనని అందరూ అంటారు; ఆ మాటలో అతిశయోక్తి లేదు. వెన్నెలలో రాయి తన బరువును కోల్పోయినట్లు కనిపిస్తుంది.

ఈ గోడలకు కావలివారు కూడ ఉన్నారు. ఎత్తయిన చూరుల కింద పెద్ద పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. కొండతేనెటీగలవి. పంతొమ్మిదవ శతాబ్దంలో రైలుమార్గం కొరకు ఈ ప్రాంతాన్ని పరిశీలింప వచ్చిన ఒక ఆంగ్ల ఇంజనీరు, రేగిన ఈగల బారినుండి తప్పించుకొనుటకు నీటిలో దూకి అక్కడే మరణించినాడు. పడవలో చుట్ట కాల్చుట, కేకలు వేయుట మంచిది కాదని అనుభవజ్ఞులు చెప్పుట వట్టి చాదస్తం కాదు.

ఈ రాయి వయస్సు చెబితే నమ్మశక్యం కాదు. సుమారు నూట ఎనుబది కోట్ల సంవత్సరాలు, అంతకు పైమాటే కావచ్చును. ఒకనాటి సముద్రం అడుగున పేరుకొన్న సున్నపు పొరలు, భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి లోనై పాలరాయిగా మారినవి. వింధ్య సాత్పురాల నడుమ భూమి బీటవారిన పల్లంలో నర్మద పడమరగా ప్రవహిస్తున్నది. ఆ బీట నేటికీ పూర్తిగా నిద్రపోలేదు. 1997 మే 22వ తేదీ తెల్లవారుజామున జబల్పూరును కుదిపివేసిన భూకంపమే సాక్షి. ఆ చుట్టుపట్లనే ఉన్న లమేటాఘాట్ పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక శిలాసముదాయాన్నే పిలుస్తారు. 1828లో స్లీమన్ అనే ఆంగ్ల సైనికాధికారి జబల్పూరు దగ్గర ఏరిన ఎముకలు ఆ శిలలలోనివే. థగ్గులను అణచినవాడుగా పేరుపొందిన స్లీమన్ ఆయనయే. ఆయన ఏరినవి రాక్షసబల్లి ఎముకలని తరువాత తేలినది. 1877లో దానికి ‘టైటనోసారస్’ అని నామకరణం జరిగినది. ఇన్ని విశేషాలు ఒక్కచోట ఉన్నందుననే 2021లో భేడాఘాట్, లమేటాఘాట్‌లను యునెస్కో వారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చినారు.

జలపాతం దారికి ఇరువైపులా శిల్పుల అంగళ్లు. వినాయకుడు, శివలింగం, నంది, దీపపు కుందెలు, చివరకు తాళపుచెవుల గొలుసులు. కొనేవారు అంతా పాలరాయి అనుకొంటారు. గోటితో గీస్తే గీత పడేది పాలరాయి కాదు. అది బలపపు రాయి. మెత్తనిది గనుక చిన్న ఉలికి లొంగుతుంది, పని త్వరగా తెములుతుంది, వెల తగ్గుతుంది. మోసమని కొందరు విసుగుకొంటారు. కాని ఆ రాయి కూడ ఈ నేలలో పుట్టినదే. ఆ చేతిపని అబద్ధం కాదు.

ఇంతవరకు చూచి వెనుదిరిగేవారే ఎక్కువ. ఘాట్‌కు పైన ఒక గుట్ట ఉన్నది. నూరుకు పైగా మెట్లు. ఎండలో ఎక్కలేక చాలామంది కిందనే ఆగిపోతారు. ఆ గుట్టపైన ఉన్నదే చౌంసఠ్ యోగినీ ఆలయం. పదవ శతాబ్దంలో కలచురి రాజుల కాలంలో కట్టినది. మొదటి యువరాజదేవుని పేరు చెబుతారు. దాక్షిణాత్య దేవాలయాలను చూచి అలవాటుపడిన కంటికి ఇది గుడిగా తోచదు. గోపురం లేదు, ప్రాకారపు మూలలు లేవు. ఆకాశానికి తెరచి ఉన్న పెద్ద వలయం. ఆ వలయపు లోపలి అంచున వరుసగా గూళ్లు, గూటికొక యోగిని. పేరుకు అరువదినాలుగు గాని, ఇక్కడి గూళ్లు ఎనుబదియొకటి. పీఠాలపై పేర్లు చెక్కి ఉన్నవి. ముక్కు లేని ముఖాలు, చేతులు లేని భుజాలు, తల లేని మొండెములు. అయినను ఆ కూర్చున్న తీరులోని ఠీవి మాత్రం చెడలేదు. నడుమనున్న ఆలయంలో నందిపై కూర్చున్న గౌరీశంకరులు. 1155లో అల్హణదేవి అనే కలచురి రాజమాత ఇక్కడ శివాలయమును, దానికి అనుబంధంగా ఒక మఠమును కట్టించినట్లు శాసనమున్నది.

మఠం అన్న మాట వద్ద తెలుగువాడు ఒక్క క్షణం ఆగవలెను. అమరావతికి సమీపంలో, మందడం పక్కన మల్కాపురం అనే పల్లె ఉన్నది. అక్కడ ఒక నంది స్తంభంపై 1261 నాటి రుద్రమదేవి శాసనం చెక్కబడి ఉన్నది. కాకతీయ గణపతిదేవునికి శివదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శంభువునకు మందడం గ్రామాన్ని దానం చేసిన వైనం అందులో ఉన్నది. ఆ గురువు ఎక్కడివాడు? గౌడదేశంలో పుట్టినవాడు. ఏ సంప్రదాయం వాడు? గోళకీ మఠం వాడు. ఆ మఠం ఎక్కడిది? భాగీరథీ నర్మదల నడుమనున్న డాహల మండలానిదని, కలచురి యువరాజు సద్భావ శంభువు అనే ఆచార్యునకు మూడు లక్షల గ్రామాలు సమర్పించగా ఆయన దానిని స్థాపించెనని శాసనమే చెబుతున్నది. గోళాకారమైన యోగినీ ఆలయం పక్కన వెలసినది గనుకనే దానికి గోళకి అన్న పేరు వచ్చినదనీ, ఆ ఆలయం ఈ భేడాఘాట్ గుట్టపై ఉన్నదేననీ కొందరు పండితుల అభిప్రాయం. కాదు, రేవా సమీపంలోని గుర్గి అని మరికొందరి వాదం. వాదం ఎట్లు తేలినా, నర్మదాతీరపు కలచురి రాజ్యం నుండి కృష్ణాతీరానికి ఒక విద్యాసంప్రదాయం నడచివచ్చినదనుటలో సందేహం లేదు.

అది వచ్చి ఏమి చేసినదో చూడవలెను. విశ్వేశ్వర శంభువు ఆ గ్రామపు ఆదాయాన్ని మూడు భాగాలు చేసినాడు. ఒకటి దేవునికి, ఒకటి విద్యార్థులకు, మఠానికి, ఒకటి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. ఋగ్యజుస్సామ వేదాలకు ముగ్గురు అధ్యాపకులు, తర్క సాహిత్య ఆగమాదులకు అయిదుగురు, వారితోపాటు ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు, ఏ వేళ వచ్చినవారికైనా అన్నం లేదనరాదని నియమం. ఏడు వందల అరవై ఏండ్లకు పూర్వం ఒక పల్లెటూరిలో గర్భిణీ స్త్రీలకు వైద్యశాల ఉండెనని రాతిపై వ్రాసి ఉన్నది. ఆ శాసనాన్ని పాఠ్యగ్రంథాలలో చదివిన విద్యార్థికి గోళకి ఒక పరీక్షాపదం మాత్రమే. భేడాఘాట్‌కు వెళ్లిన యాత్రికునికి యోగినీ ఆలయం ఎక్కలేని మెట్లు మాత్రమే. ఒకరికి పుస్తకం తెలుసును, ఒకరు ఊరు చూచినారు. ఇరువురికీ నడుమ వంతెన వేసే ఒక చిన్న పలక, తెలుగులో నాలుగు పంక్తులు, ఆ మెట్ల పక్కన గాని మల్కాపురం నంది పక్కన గాని పెట్టుట పెద్ద ఖర్చు కాదు.

వెళ్లదలచినవారు వర్షాకాలం మానుకొనుట మంచిది. అప్పుడు పడవలు నడువవు. అక్టోబరు తరువాత నీరు తేరుకొంటుంది, పచ్చన మరలివస్తుంది. హైదరాబాదు వైపు నుండి వెళ్లేవారు నాగపురం, ఇటార్సీల మీదుగా జబల్పూరు చేరవచ్చును. పడవను సాయంకాలానికి ఉంచుకొని, మెట్లు పొద్దున్నే, రాయి కాలకముందే ఎక్కవలెను. ఆ వేళకు వలయంలో తూర్పు వైపు గూళ్లు నీడలో ఉంటాయి; పడమటి యోగినుల ముఖాలపై మాత్రం ఎండ పడుతుంది.