నల్లని వేలి దగ్గర తప్పుతున్న లెక్క

ఆపరేషను బల్ల ఎక్కి మత్తులో ఉన్న రోగి ‘ఊపిరి ఆడడం లేద’ని చెప్పుకోలేడు. అందుకే మత్తు డాక్టరు అతని వేలికి చిన్న క్లిప్పు తగిలించి, నెత్తుటిలో ప్రాణవాయువు ఎంత ఉందో క్షణక్షణం చూసుకుంటారు. 2020, 2021 కరోనా రోజుల్లో మన పల్లెల్లోనూ చాలామంది వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సీమీటరు ఇదే.

జపాన్ ఇంజనీరు టకువో అవోయగి 1970ల్లో కనిపెట్టిన సూత్రంపై పనిచేసే ఈ పరికరం ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయితే నల్లని చర్మం గలవారికి ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపుతోంది.

క్లిప్పు ఎర్రని కాంతినీ, కంటికి కనబడని మరో కాంతినీ వేలిగుండా పంపి, నెత్తురు ఎంత పీల్చుకుందో లెక్కకడుతుంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా కొంత కాంతిని పీల్చుకుంటుంది. లెక్క తప్పడానికి ఇదే ముఖ్య కారణమంటున్నారు.

ఈ లోపం 1990లోనే అమెరికా వైద్యుల దృష్టికి వచ్చినా పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 2020 డిసెంబరులో మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు రోగుల లెక్కలు బయటపెట్టారు. క్లిప్పు 92 నుంచి 96 వరకు చూపిన సందర్భాల్లో, నెత్తురు తీసి పరీక్షిస్తే నిజానికి 88కి లోపే ఉన్నవి తెల్లవారిలో నూటికి 3.6, నల్లజాతివారిలో 11.7. అంటే మూడింతలు!

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో దీనిపై హెచ్చరిక చేసింది. అక్కడి 2013 నాటి సూచనల ప్రకారం పరికరాన్ని కనీసం 10 మందిపై పరీక్షిస్తే చాలు. వారిలో ఇద్దరు నల్లనివారుంటే సరిపోయేది. ఒంటి రంగులన్నీ కలిసేలా 150 మందికి తగ్గకుండా పరీక్షించాలని 2025 జనవరిలో ముసాయిదా వెలువరించారు.

ఆపరేషనులో డాక్టర్లు ఊపిరి, నాడి, రక్తపోటు కూడా చూస్తారు కనుక బెదరనక్కరలేదు. ఇంటివద్దనే జాగ్రత్త అవసరం. చామనచాయ, నలుపు మనకు సహజం. గోళ్లరంగు తుడిచి, చేయి చల్లగా ఉంటే వెచ్చబరచి మరీ చూసుకోవాలి. ఆయాసం, మగత, పెదవులు నీలబడటం కనిపిస్తే, అంకె ఎంత బాగున్నా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. యంత్రం కన్నా ముందు మనిషిని చూడాలి.