మన కరువుల లెక్క మంచులో ఉంది

నాగావళి, వంశధారల్లో హిమాలయాల మంచు కరిగిన నీరు చుక్క కూడా లేదు. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, వాన పడితే పొంగుతాయి, లేకుంటే ఇసుక తేలతాయి. అలాంటప్పుడు ఎక్కడో హిమానీనదానికి బోరు వేస్తే శ్రీకాకుళం, విజయనగరం రైతుకు ఒరిగేదేమిటి? నీరు కాదు, వాన చరిత్ర. మన వైపు వానను గమనించి రాసిన లెక్కలు రెండున్నర శతాబ్దాలకు మించి వెనక్కి పోవు. అంతకు ముందు ఋతుపవనం ఎన్నిసార్లు మొహం చాటేసిందో చెప్పగల సాక్షుల్లో ఆ మంచు ఒకటి.

1997లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన లోనీ థాంప్సన్ బృందం చైనా శాస్త్రవేత్తలతో కలిసి, టిబెట్ అంచున దాసువోపు హిమానీనదం మీద 7,200 మీటర్ల ఎత్తున బోర్లు వేసి అడుగు రాతిదాకా దిగింది. నీళ్ల బోరులా పొడి చేసుకుంటూ పోయే పని కాదిది. అంచుకు పళ్లున్న బోలు గొట్టం మంచును గుండ్రంగా కోస్తూ దిగి, లోపల నిలిచిన కడ్డీని ముక్కలుగా పైకి తెస్తుంది. చెరుకు గడకు కణుపుల్లా ఆ కడ్డీలో ఏడాదికో పొర. వానలు తప్పిన ఏట ఎండిన నేలల దుమ్మూ ఉప్పూ గాలికి లేచి ఆ మంచులో చేరతాయి. వెయ్యేళ్ల పొరల్లో వాటి జోరు అన్నిటికంటే ఎక్కువగా కనబడింది 1790–1796 మధ్య.

ఆ దశాబ్దపు మొదటి ఏళ్లలోనే చికాకోలు (నేటి శ్రీకాకుళం)తో సహా ఉత్తర సర్కారులు కరువుతో అల్లాడాయి. సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1789 నుంచి వానలు వరుసగా తప్పడాన్ని నమోదు చేశాడు. ఏళ్లు అచ్చంగా కలవలేదు కదా అంటే, నిజమే. పొరల లెక్కలో కొద్ది ఏళ్ల తేడా రావచ్చు. పైగా మన వాన బంగాళాఖాతం వాయుగుండాల మీద కూడా ఆధారపడుతుంది. పాలకొండలో ఎన్ని అంగుళాలు కురిసిందో మంచు చెప్పలేదు. ఋతుపవనం మొత్తంగా కుప్పకూలిన కాలాన్ని మాత్రం చెబుతుంది. రాక్స్‌బర్గ్ కాగితం ఆ కరువును చూసింది. వెయ్యేళ్లలో దానికి మించినది లేదని తేల్చడం కాగితం వల్ల కాదు. ఇరవయ్యో శతాబ్దపు పొరల్లో మనుషులు లేపిన దుమ్ము నాలుగింతలైంది కాబట్టి, అక్కడ ఆ దుమ్మును కరువు గుర్తుగా చదవడంలో జాగ్రత్త కావాలి.

ఈ మంచు చిట్టా చెరిగిపోతోంది. 2006లో బోరు వేసిన నైమోనాన్యి హిమానీనదంలో 1950, 60ల అణుపరీక్షల ధూళి పొరే దొరకలేదు. పై మంచు అప్పటికే కరిగిపోయింది. మిగిలినదాన్ని తవ్వి భద్రపరచడం శాస్త్రవేత్తల పని. దానితో సరిచూడవలసిన కాగితాలు మన దగ్గర ఉన్నాయి. మీ అటక మీద కరణాల కాలపు శిస్తు లెక్కలు, పంట లెక్కలు ఉంటే చెదలకు వదిలేయకండి, చరిత్ర చదివినవారికి చూపించండి.