మీకు తెలుసా? ఉంగరాల జుట్టుకు అసలు పరీక్ష రాత్రే

మాడు మీద ఊరే సహజమైన నూనె సాఫీ జుట్టులో కొసదాకా సులువుగా జారుతుంది. ఉంగరాల జుట్టులో మెలికల దగ్గరే ఆగిపోతుంది, అందుకే కొసలు త్వరగా పొడిబారతాయి. దానికి తోడు కాటన్ దిండు గలేబు! ఉన్న కాస్త తేమనూ పీల్చేస్తుంది, పక్కకు తిరిగినప్పుడల్లా వెంట్రుకలను రాపిడికి గురిచేస్తుంది. తెల్లారేసరికి చిక్కులే చిక్కులు. అమెరికాలో నల్లజాతి మహిళలు ఎందరో తరతరాలుగా తలకు శాటిన్ టోపీయో, పట్టు రుమాలో కట్టుకుని పడుకోవడం ఇందుకే. ఖరీదైన పట్టే అక్కర్లేదు. పాలియెస్టర్‌తో నేసిన శాటిన్ కూడా నున్నగానే ఉంటుంది. జుట్టును నడినెత్తిన వదులుగా ముడేసుకుంటే మెలికలు అంతగా నలగవు. తడితల మాత్రం వద్దు. తడిసిన వెంట్రుకలో హైడ్రోజన్ బంధాలు వీడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కుదురుకుంటాయి. దిండు మీద ఎలా నలిగితే పొద్దున అదే ఆకారం.